రోగం వచ్చి తగ్గిన అడవిలో జింక వేటకు వెళ్ళొచ్చా?

మీరు అడిగింది ఇదీ. ఒహాయోలో, కొలంబస్ పక్కన డబ్లిన్‌లో ఉంటారు. హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు పూర్తయింది. వచ్చే సీజన్‌లో ఏథెన్స్ వైపు వేన్ నేషనల్ ఫారెస్ట్‌లో మొదటిసారి జింక వేటకు వెళ్ళాలనుకుంటున్నారు. కానీ 2025లో అక్కడ రోగం వచ్చి వాగుల వెంట జింకలు చచ్చిపడ్డాయని విన్నారు. అలాంటి చోట వేటాడటం న్యాయమేనా, ఆడ జింకను కొట్టొచ్చా, ఆ మాంసం పిల్లలకు పెట్టొచ్చా అని అడిగారు. పైగా హెచ్‌1బీ మీద ఉన్నారు కాబట్టి అసలు తుపాకీ పట్టుకోవచ్చో లేదో అని టెన్షన్.

ముందు సూటిగా చెబుతాను. వెళ్ళొచ్చు. మగ జింక దొరికితే కొట్టండి. రోగం గట్టిగా తగిలిన లోయల్లో ఆడ జింకను మాత్రం వదిలేయండి, చట్టం ఒప్పుకున్నా సరే. ఆరోగ్యంగా కనిపించిన జింక మాంసం తినొచ్చు. వీసా సంగతికి చట్టంలోనే దారి ఉంది, కింద రాశాను.

నేను ఆ కొండల్లో చాలా ఏళ్ళుగా వేటాడుతున్నాను, ఎక్కువగా విల్లుతో. నాకు సొంత భూమి లేదు, పొలంలోకి రమ్మనే రైతులూ తెలియదు కాబట్టి మొదటినుంచీ పబ్లిక్ ల్యాండే, అంటే అందరికీ తెరిచి ఉండే ప్రభుత్వ భూమే, దిక్కు. అందుకే ఈ ప్రశ్న నాకు దగ్గరిది.

అన్నిటికంటే ముందు, ఏ రోగమో తెలుసుకోండి. మనవాళ్ళు ఇక్కడే తికమక పడుతున్నారు. జింకల రోగం అనగానే వార్తల్లో రెండు పేర్లు వస్తాయి. ఒకటి ఈహెచ్‌డీ, అంటే ఎపిజూటిక్ హెమరేజిక్ డిసీజ్. రెండోది సీడబ్ల్యూడీ, అంటే క్రానిక్ వేస్టింగ్ డిసీజ్. మొదటిది వైరస్, రెండోది ప్రియాన్ అనే చెడిపోయిన ప్రొటీన్ వల్ల వచ్చేది. వేటగాడు చేయాల్సిన పని ఈ రెండింటికీ దాదాపు తలకిందులుగా ఉంటుంది. ఈహెచ్‌డీ వచ్చి పోయిన చోట చెయ్యి ఆపుకోవాలి. సీడబ్ల్యూడీ ఉన్న చోట మంద పలచబడాలని వన్యప్రాణి శాఖే ఎక్కువ జింకలను కొట్టమంటుంది.

2025లో ఏథెన్స్, మెయిగ్స్, వాషింగ్టన్ కౌంటీల (మన జిల్లాల్లాంటివి) వైపు జింకలను చంపింది ఈహెచ్‌డీ. కంటికి సరిగ్గా ఆనని చిన్న కుట్టే ఈగలు దీన్ని ఒక జింక నుంచి ఇంకో జింకకు మోస్తాయి. క్యూలికాయిడ్స్ అంటారు వాటిని. ఎండలకు చెరువులూ వాగులూ వెనక్కి తగ్గి, అంచున బురద బయటపడితే అక్కడ గుడ్లు పెడతాయి. అందుకే ఈ రోగం ఆగస్టు, సెప్టెంబరుల్లో ముదిరి, మొదటి గట్టి మంచు పడి ఈగలు చచ్చాక ఆగిపోతుంది. జింక నుంచి జింకకు నేరుగా అంటదు. లక్షణాలు కనిపించిన జింక చాలాసార్లు ఒకటి రెండు రోజుల్లోనే పోతుంది. ఒళ్ళు జ్వరంతో కాలిపోతుంటే చల్లదనం కోసం నీళ్ళలోకి దిగుతుంది, అక్కడే పడిపోతుంది. వాగుల వెంట శవాలు కనిపించడానికి కారణం ఇదే.

మన ఊళ్ళలో గొర్రెల కాపరులకు ఇది వింతగా ఉండదు. తెలంగాణలో, ఆంధ్రలో గొర్రెలకు వచ్చే నీలి నాలుక వ్యాధి దీనికి దాయాది. ఆ వైరస్‌దీ ఈ వైరస్‌దీ ఒకే కుటుంబం, మోసేదీ అదే జాతి ఈగలు. వానల తర్వాత మూతి వాచి, నోట్లో పుళ్ళు పడి, కుంటుతూ మందలో వెనకబడే గొర్రెను చూసినవాళ్ళకు ఇక్కడి జింక బాధ ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు.

ఉత్తరాది రాష్ట్రాల్లో ఈహెచ్‌డీ అంత గట్టిగా ఎందుకు తగులుతుందంటే, ఇక్కడి జింకలకు దానితో పరిచయం తక్కువ. దక్షిణాదిలో ఆ వైరస్ ఏటా ఎంతో కొంత తిరుగుతూనే ఉంటుంది కాబట్టి అక్కడి మందల్లో రోగనిరోధక శక్తి ఎక్కువ. ఇక్కడ కొన్నేళ్ళకోసారి వస్తుంది, వచ్చినప్పుడు ఊడ్చేస్తుంది. 2007లో, 2012 కరువులో అమెరికాలో చాలా రాష్ట్రాలు ఇదే చూశాయి. అయినా రోగం అడవంతా ఒకే తీరుగా పాకదు. ఒక లోయలో సగానికి సగం పోతే, గట్టు దాటిన పక్క లోయలో జింకలు ఎప్పటిలాగే మేస్తుంటాయి. అందుకే కౌంటీ మొత్తానికి ఇచ్చే అంకెలు చూసి నిర్ణయం తీసుకోకండి. మీరు కూర్చోబోయే ఆ నాలుగైదు మైళ్ళ అడవిని మీ కాళ్ళతో చూడాలి.

ఎలా చూడాలంటే, వేట సీజన్ మొదలయ్యేలోపు వాగు వెంట నడవండి. తడి మట్టిలో అడుగులు చదవండి. పెద్ద గిట్టల పక్కన చిన్న గిట్టలు కనిపిస్తే తల్లీ పిల్లలూ ఉన్నట్టే. అలాంటి జతలు చాలాచోట్ల ఉంటే ఆ లోయ కోలుకుంటోంది. పెద్ద అడుగులు అక్కడక్కడా ఉండి చిన్నవి అసలు లేకపోతే ఇంకా కోలుకోలేదు. తర్వాత గట్టు మీదికి ఎక్కి తెల్ల ఓక్ చెట్ల కింద చూడండి. వాటి గింజల్లో చేదు తక్కువ కాబట్టి జింకలు ముందు వాటికే వస్తాయి. బాగా రాలిన ఏడాదిలో కూడా గింజలు కింద అలాగే పడి ఉండి, చుట్టూ పెంటికలు లేవంటే తినేవాళ్ళు తగ్గారన్నమాట. నాకు ఏ ప్రకటనకన్నా ఈ గుర్తు మీద నమ్మకం ఎక్కువ.

ఇంకో గుర్తు కొట్టిన జింక కాళ్ళ మీదే ఉంటుంది. రోగం వచ్చి బతికి బయటపడ్డ జింక గిట్టలు చూడండి. జ్వరం రోజుల్లో గిట్ట పెరుగుదల ఆగి, తగ్గాక మళ్ళీ మొదలవుతుంది. ఆ ఆగిన చోట అడ్డంగా ఒక గీత పడుతుంది, మన గోరు మీద దెబ్బ తగిలాక కొన్నాళ్ళకు కనిపించే గీతలాగే. నేను ఒక నవంబరులో కొట్టిన మగ జింకకు మూడు కాళ్ళ మీద ఆ గీత ఉంది. ముందు కాలి గిట్ట ఒకటి గీత దగ్గర పగిలి, వేలు పెడితే చివర పెచ్చు కదులుతోంది. కింద మెత్తటి కొత్త గిట్ట, లేత పసుపు రంగులో. నడకలో మాత్రం ఏ తేడా లేదు, ఒళ్ళు నిండుగా ఉంది, మాంసం శుభ్రంగా ఉంది. గిట్టలో ఇలాంటి గీత కనిపిస్తే భయపడకండి. ఆ జింక రోగాన్ని గెలిచిందని అర్థం. అలా బతికిన తల్లుల నుంచి పిల్లలకు పాలతో పాటు కొన్ని నెలలకు సరిపడా రక్షణ కూడా అందుతుంది.

ఇక అసలు విషయం, ఆడ జింక. దీని గురించే కాస్త ఎక్కువ రాస్తాను.

మంద తిరిగి నిండేది ఆడ జింకల లెక్క మీదే. తెల్లతోక జింకల్లో ఎదిగిన ఆడది మామూలుగా కవలలను కంటుంది. నవంబరు మధ్యలో జత కడితే దాదాపు 200 రోజులకు, మే చివరా జూనులో పిల్లలు పుడతాయి. మీరు డిసెంబరులో ఒక ఆడ జింకను కొడితే వచ్చే శరదృతువుకు తగ్గేది ఒకటి కాదు, తల్లితో కలిపి మూడు దాకా. పిల్లలన్నీ బతకవు, నక్కల్లాంటి కయోటీలు కొన్నిటిని తింటాయి, అయినా లెక్క అటే మొగ్గుతుంది. మగ జింక సంగతి వేరు. ఒక మగది చాలా ఆడవాటితో కలుస్తుంది, కాబట్టి ఒకటి పోయినంత మాత్రాన వచ్చే ఏడాది పుట్టే పిల్లల సంఖ్య తగ్గదు. ఒహాయోలో ఎలాగూ ఒక వేటగాడికి ఏడాదికి ఒక్క కొమ్ముల జింకే.

మామూలు ఏడాదిలో, మామూలు చోట, ఆడ జింకను కొట్టడం తప్పు కాదు. మంద మితిమీరకుండా అదే కాపాడుతుంది. పొలాల్లో, ఊళ్ళ పక్కన జింకలు ఎక్కువై మొక్కజొన్న తినేస్తుంటే, రోడ్ల మీద కార్లకు అడ్డం పడుతుంటే ఆడవాటిని తగ్గించమని శాఖే చెబుతుంది. నేను చెప్పేది దెబ్బతిన్న పబ్లిక్ ల్యాండ్ గురించి మాత్రమే. ప్రైవేటు భూమిలో రోగం వస్తే యజమాని రెండేళ్ళు గేటు మూసి మందను కాపాడుకుంటాడు. పబ్లిక్ ల్యాండ్‌కు అలాంటి గేటు లేదు. ఒహాయోలో 90 శాతానికి పైగా భూమి ప్రైవేటుదే. మిగిలిన కొద్దిపాటి అడవిలోకే మనలాంటి భూమి లేని వేటగాళ్ళందరూ రావాలి. అక్కడ ఒక్కొక్కరు ఒక్కో ఆడ జింకను తీసుకెళ్ళినా, కోలుకుంటున్న లోయ మళ్ళీ కూలబడుతుంది. అది ఎవరికీ తెలియకుండా జరుగుతుంది, ఎందుకంటే ఎవరికి వాళ్ళు చేసింది చట్టబద్ధమే.

శాఖ ఏమీ పట్టించుకోలేదని కాదు. 2025 సీజన్ నడుస్తుండగానే బాగా దెబ్బతిన్న కౌంటీల్లో జింకల పరిమితి తగ్గించారు. పబ్లిక్ ల్యాండ్‌లో కొమ్ముల్లేని జింకల మీద విడిగా కట్టుబాట్లు కొన్ని సీజన్లుగా ఉన్నాయి. ఇవి ఏటా మారతాయి కాబట్టి ఈ ఏటి నిబంధనల పుస్తకం తెచ్చుకుని మీరు వేటాడబోయే కౌంటీ పేజీ చదవండి, పాత వీడియోలు చూసి వెళ్ళకండి. అయితే నిబంధన ఎప్పుడూ కౌంటీ మొత్తానికి రాస్తారు. మీ ముందున్న లోయ ఎలా ఉందో ఆ పుస్తకానికి తెలియదు, మీకే తెలుస్తుంది.

ఒక జాగ్రత్త. కొమ్ముల్లేని జింక అంటే అన్నీ ఆడవే కావు. అదే ఏడాది పుట్టిన మగ పిల్లలకు నుదుటి మీద చిన్న బుడిపెలే ఉంటాయి. ఒహాయో నిబంధనలో కనీసం మూడు అంగుళాల కొమ్ము ఒకటైనా ఉంటేనే కొమ్ముల జింక. మసక వెలుతురులో తేడా తెలియకపోతే విల్లు దించేయండి.

ఫ్రీజర్ నింపుకోవడమే ముఖ్యమైతే, ఈ రెండు మూడేళ్ళు వేరే వైపు వెళ్ళండి. కోషాక్టన్ కౌంటీ ఏటా జింకల లెక్కలో రాష్ట్రంలో పై వరసలో ఉంటుంది. అక్కడ వుడ్‌బరీ వైల్డ్‌లైఫ్ ఏరియా పెద్దది, మీకు డబ్లిన్ నుంచి దూరం కూడా కాదు. మస్కింగమ్ కౌంటీలో ట్రై-వ్యాలీ వైల్డ్‌లైఫ్ ఏరియా ఉంది. అక్కడ కూడా ముందు నడిచి చూడండి. ఏథెన్స్ అడవి మీదే మనసుంటే అక్కడికే వెళ్ళండి, మగ జింక కోసం కూర్చోండి, ఆడవి వస్తే చూసి ఆనందించండి. పిల్లలను వెంటేసుకుని ఆడ జింక ఓక్ చెట్ల కింద గింజలు ఏరుకోవడం విల్లు దూరంలో చూసి, బాణం పెట్టకుండా కూర్చోవడం కూడా వేటలో భాగమే. ఆ పిల్లల్లో ఒకటి ఏడాది రెండేళ్ళలో తల్లి కావచ్చు.

ఈ మాత్రం ఓపిక పడితే మందలు తిరిగొస్తాయన్న నమ్మకం నాకెందుకుందో చెబుతాను. 1904 నాటికి ఒహాయోలో జింకలే లేవు. అడవులు నరికి, హద్దు లేకుండా వేటాడి తుడిచిపెట్టేశారు. తర్వాత బయటి నుంచి తెచ్చి వదిలారు, పక్క రాష్ట్రాల నుంచి కొన్ని నడిచి వచ్చాయి. 1943లో మూడంటే మూడు కౌంటీల్లో వేట తెరిస్తే దొరికినవి 168. 1956లో 88 కౌంటీల్లోనూ తెరిచినప్పుడు 3,911. ఈమధ్య ఏటా రెండు లక్షలు దాటుతున్నాయి. సున్నా నుంచి ఇంత దూరం వచ్చిన జంతువు ఇది. దానికి కావలసింది ఆడవి బతికుండటం, కొన్ని కాన్పులు.

మాంసం గురించి. ఈహెచ్‌డీ మనుషులకు రాదు, ఈగ కుట్టినా రాదు, మాంసం తిన్నా రాదు. అది వచ్చి తగ్గిన జింకను నిశ్చింతగా వండుకోవచ్చు. కానీ నడవలేక తూలుతున్న, నోట్లోంచి నురగ కారుతున్న, మనిషిని చూసి పరిగెత్తని జింకను ఏ రోగమైనా సరే తినడానికి కొట్టకండి, శాఖకు ఫోన్ చేయండి. పొట్ట చీల్చినప్పుడు లోపల చీము గడ్డలు కనిపించినా ఆ మాంసం వద్దు. బలహీనపడిన జంతువుకు తర్వాత బాక్టీరియా సోకి ఉండొచ్చు. గ్లవ్స్ వేసుకోండి, ఎండ ఉన్న రోజైతే తొందరగా చల్లబరచండి. వండేటప్పుడు మేకపోతు మాంసంలో ఉండే కొవ్వు దీనికి ఉండదని గుర్తుంచుకోండి. కండ మీది తెల్లటి పొర మొత్తం తీసేసి, తొడ మాంసం కుక్కర్‌లో పెట్టండి, భుజం కీమా కొట్టించండి.

సీడబ్ల్యూడీ సంగతి వేరు, దాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. ఒహాయోలో స్వేచ్ఛగా తిరిగే జింకలో అది మొదట 2020లో వయాన్‌డాట్ కౌంటీలో బయటపడింది. వయాన్‌డాట్, మేరియన్, హార్డిన్ కౌంటీల వైపు నిఘా పెట్టారు, తర్వాత ఆ పరిధి పెంచారు. ఏథెన్స్ అక్కడికి దూరం, కానీ డబ్లిన్ నుంచి మేరియన్ దగ్గరే కాబట్టి మీరు అటు కూడా వెళ్ళొచ్చు. వెళ్తే కొట్టిన జింక తల ఇచ్చి పరీక్ష చేయించండి, ఫలితం వచ్చేదాకా మాంసం విడిగా పేరు రాసి ఫ్రీజర్‌లో ఉంచండి. మనుషులకు సోకినట్టు ఇప్పటివరకు రుజువు లేదు. అయినా పాజిటివ్ వస్తే తినొద్దనే అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ సలహా, నేనూ అదే చెబుతాను, ముఖ్యంగా పిల్లలున్న ఇంట్లో. ప్రియాన్ ఉడికిస్తే పోదు. పెన్సిల్వేనియా, వెస్ట్ వర్జీనియా వైపు వేటాడితే జింకను అలాగే బండిలో వేసుకుని ఒహాయోలోకి రాకూడదు, ఎముక తీసిన మాంసం గానీ, తలా వెన్నెముకా లేని ముక్కలు గానీ తేవాలి.

ఇక వీసా. నాన్‌ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్ళు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర పెట్టుకోకూడదన్నది అమెరికా ఫెడరల్ చట్టం. హెచ్‌1బీ అందులోకే వస్తుంది. అదే చట్టంలో మినహాయింపు కూడా ఉంది: ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్స్ ఉంటే ఆ నిషేధం వర్తించదు. కాబట్టి లైసెన్స్ ముందు, తుపాకీ తర్వాత. గడువు తేదీ గోడ మీద రాసి పెట్టుకోండి, ఎందుకంటే లైసెన్స్ గడువు దాటాక తుపాకీ మీ ఇంట్లో ఉంటే సమస్య వీసా దాకా వస్తుంది. కొనే ముందు ఒకసారి లాయరుతో మాట్లాడటం మంచిది. నా సలహా అడిగితే మొదటి ఏడాది తుపాకీ జోలికే వెళ్ళకండి. క్రాస్‌బౌ, అంటే ట్రిగ్గర్ నొక్కితే బాణం వదిలే విల్లు, ఆ చట్టం లెక్కలో తుపాకీ కాదు, ఒహాయో ఆర్చరీ (విల్లు వేట) సీజన్‌లో దానికి అనుమతి ఉంది, సీజన్ కూడా సెప్టెంబరు చివర మొదలై చలికాలం దాకా సాగుతుంది. థ్యాంక్స్‌గివింగ్ తర్వాతి సోమవారం మొదలయ్యే గన్ వీక్‌లో, అంటే తుపాకీ వేట వారంలో, పబ్లిక్ ల్యాండ్ జనంతో కిక్కిరిసి ఉంటుంది, కొత్తవాళ్ళకు అది మంచి బడి కాదు. ఆ వారంలో విల్లుతో వెళ్ళినా నారింజ రంగు వెస్ట్ తప్పనిసరి. చెట్టెక్కి కూర్చుంటే నేల మీద నుంచే హార్నెస్ (కింద పడకుండా ఆపే పట్టీలు) కట్టుకోండి.

మీ నాన్నగారు ఇండియా నుంచి అభ్యంతరం చెబుతున్నారని చివర్లో రాశారు. ఆయన మాటలో న్యాయం ఉంది. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద దుప్పిని, కృష్ణజింకను వేటాడటం నేరం, ఆ చట్టం అక్కడ ఉండాల్సిందే. ఇక్కడి ఏర్పాటు వేరని ఆయనకు చెప్పండి. 1937 నాటి చట్టం ప్రకారం తుపాకులు, తూటాల మీద పన్ను వేసి ఆ డబ్బును రాష్ట్రాల వన్యప్రాణి శాఖలకే ఇస్తారు. తర్వాత విల్లు, బాణాలను కూడా అందులో చేర్చారు. మీరు కొనే లైసెన్స్ డబ్బూ ఆ శాఖకే పోతుంది. రోగం వచ్చిన ఏడాది శవాలను లెక్కపెట్టి శాంపిల్ తీసే మనుషులకు జీతం అందులోంచే.

జింక దొరికితే మర్నాడు మధ్యాహ్నంలోపు గేమ్ చెక్ చేయడం, అంటే ఆ జింకను శాఖ దగ్గర నమోదు చేయడం, మర్చిపోకండి. సీజన్ చివరి రోజైతే అదే రాత్రికి చేయాలి. ఆగస్టులో వాగు వెంట నడిచేటప్పుడు నీళ్ళలో చచ్చిన జింక కనిపిస్తే ముట్టుకోకుండా ఫోటో తీసి, ఫోన్‌లో ఆ చోటు గుర్తుపెట్టి వైల్డ్‌లైఫ్ డివిజన్‌కు పంపండి. చచ్చి ఒక్కరోజు కూడా కాలేదనిపిస్తే వెంటనే ఫోన్ చేయండి, పరీక్షకు పనికొచ్చేది తాజా శాంపిలే. ఏ వాగు వైపు వెళ్ళాలనుకుంటున్నారో ఇక్కడ రాస్తే, నాకు తెలిసిన గట్లు ఉంటే చెబుతాను.